"ఏదో తేడాగా ఉందండీ": కొత్తవాళ్ళ ప్రశ్నలతో నా అనుభవం

ఉచితంగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ వాడేవాళ్ళు ఇంటర్నెట్‌లో ఒకరికొకరు సాయం చేసుకునే చోట కొన్నేళ్ళుగా నేను కొత్తవాళ్ళ ప్రశ్నలకు బదులిస్తున్నాను. నేను ప్రోగ్రామర్ని కాను. లెక్కలకు క్యాల్క్, ఉత్తరాలకూ నివేదికలకూ రైటర్ వాడతాను, అంతే. మొదట్లో నేనూ అక్కడ వెతుక్కుని పని గడుపుకున్నవాణ్ణే. పోనుపోను నాకు తెలిసిన ప్రశ్నలే కళ్ళబడుతుంటే ఊరుకోలేక రాయడం మొదలుపెట్టాను.

కొత్తవాళ్ళు అడిగేవాటిలో చాలామటుకు అంతకుముందే ఎవరో అడిగినవి, ఇంకెవరో జవాబు చెప్పినవి. "అడిగే ముందు కాస్త వెతకొచ్చు కదా" అని పాతవాళ్ళు విసుక్కునేది అందుకే. కానీ ఆ అడిగినవాళ్ళని కొంచెం కదిపి చూస్తే, చాలామంది వెతికాకే వచ్చారని తెలుస్తుంది. వెతికారు, దొరకలేదు. ఎందుకు దొరకలేదన్న దగ్గరే నా పని మొదలైంది.

ఒకాయన ప్రశ్న చెబుతాను. శీర్షిక "అర్జెంట్ హెల్ప్". లోపల ఒకటే వాక్యం: "సార్, సమ్ పనిచేయడం లేదు, సున్నా వస్తోంది." రెండు సెల్స్‌ని, అంటే పట్టికలోని గడులని, ప్లస్ గుర్తుతో కలిపితే లెక్క సరిగ్గానే వస్తోందట, వరుస మొత్తాన్ని కూడే సమ్ ఫంక్షన్ పెడితే మాత్రం సున్నా. సాఫ్ట్‌వేర్ పాడైపోయిందనుకుని తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకున్నారు కూడా. ఈ సంగతి తెలిసినవాళ్ళకి చూడగానే అర్థమవుతుంది: ఆ అంకెలు అంకెలు కావు, అంకెల్లా కనిపిస్తున్న అక్షరాలు. ఎక్కడినుంచో కాపీ చేసి అతికించినప్పుడు టెక్స్ట్‌గా వచ్చి కూర్చున్నాయి. సమ్ ఫంక్షన్ వరుసలో టెక్స్ట్ తగిలితే తప్పు చూపించదు, చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ప్లస్ గుర్తు దగ్గర మాత్రం క్యాల్క్ ఆ అక్షరాలను అంకెగా మార్చుకునే ప్రయత్నం చేస్తుంది. అందుకే ఒకచోట లెక్క వచ్చింది, ఇంకోచోట రాలేదు.

"టెక్స్ట్‌ని నంబర్‌గా మార్చుకోండి" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోవచ్చు. నేను ముందు ఒక పని చేయమన్నాను: కంట్రోల్ పట్టుకుని ఎఫ్8 నొక్కండి, ఏ రంగులు కనిపిస్తున్నాయో చెప్పండి. క్యాల్క్‌లో దీన్ని వాల్యూ హైలైటింగ్ అంటారు, వ్యూ మెనూలో ఉంటుంది. నిజమైన అంకెలు నీలంగా, టెక్స్ట్ నల్లగా, ఫార్ములాలు ఆకుపచ్చగా మారతాయి. ఆయన వెంటనే రాశారు: "అన్నీ నల్లగానే ఉన్నాయండీ!" ఆ తర్వాత పెద్దగా వివరించాల్సిన అవసరం రాలేదు. సెల్ ఫార్మాట్ టెక్స్ట్ అని ఉంటే దాన్ని నంబర్‌గా మార్చి, ఒక్కో నిలువు వరుసను ఎంచుకుని డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి ఓకే నొక్కమన్నాను. పని అయింది. చివర ఇంకో లైను చేర్చాను: "ఇకమీదట ఇలాంటిది వస్తే 'నంబర్స్ స్టోర్డ్ యాజ్ టెక్స్ట్' అని వెతకండి, క్యాల్క్ పేరు జోడించండి."

కొన్నాళ్ళకి ఆయనే మళ్ళీ కనిపించారు. తేదీల ప్రకారం వరుస పెడితే తారుమారుగా వస్తున్నాయని, అవీ టెక్స్ట్‌గానే ఉన్నట్టు తానే కనిపెట్టి సరిచేసుకున్నానని రాశారు. ఈసారి అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చారు. ఆ ఆఖరి లైను విలువ నాకు అప్పుడు తెలిసింది. అప్పటినుంచి జవాబు ఎంత చిన్నదైనా, దాన్ని వెతకడానికి ఏ మాటలు వాడాలో కూడా రాస్తున్నాను. నేను వెతికి తెచ్చిన జవాబైతే, ఏమని టైప్ చేస్తే దొరికిందో అదీ చెబుతాను.

ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. "కిందికి వెళ్తుంటే పై వరుస మాయమవుతోంది, అది కదలకుండా ఉండాలి" అని కొత్తవాళ్ళు అంటారు. దాన్ని ఫ్రీజ్ అంటారని తెలిస్తే ఒక్క క్షణంలో దొరుకుతుంది, తెలియకపోతే గంటసేపు వెతికినా దొరకదు. ప్రింట్ తీసినప్పుడు ప్రతి పేజీ మీదా ఆ వరుసే రావాలంటే అది వేరే సంగతి, ప్రింట్ రేంజెస్‌లో రోస్ టు రిపీట్ అని ఉంటుంది. ఈ రెండూ ఒకటేననుకుని వచ్చేవాళ్ళు ఎక్కువ. సెల్‌లో నొక్కితే జాబితా తెరుచుకోవాలంటే ఎక్సెల్‌లో డేటా వాలిడేషన్ అంటారు, క్యాల్క్‌లో వాలిడిటీ అని ఉంటుంది. ఎక్సెల్ మాట పట్టుకుని క్యాల్క్ మెనూలన్నీ తిరిగి విసిగిపోయి వచ్చినవాళ్ళని చూశాను. ఒకే ఉత్తరం అందరి పేర్లతో వేరువేరుగా రావాలంటే మెయిల్ మెర్జ్. సెల్ నిండా దడి కట్టినట్టు హ్యాష్ గుర్తులు వస్తే కంగారు పడక్కర్లేదు, నిలువు వరుస వెడల్పు చాలడం లేదంతే. నా దగ్గర ఒక ఫైలు ఉంది. ఎడమవైపు కొత్తవాళ్ళు ఎలా అడిగారో వాళ్ళ మాటల్లోనే ఉంటుంది, కుడివైపు సాఫ్ట్‌వేర్ దాన్ని ఏమని పిలుస్తుందో రాసి ఉంటుంది. నేను రాసిన జవాబులన్నిటికంటే నాకు ఆ ఫైలే ఎక్కువ పనికొచ్చింది.

లిబ్రేఆఫీస్ 7.2 నుంచి హెల్ప్ మెనూలో సెర్చ్ కమాండ్స్ అని ఒకటి చేరింది. షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కినా వస్తుంది. మాట సగం గుర్తున్నా టైప్ చేస్తే ఆ పని ఏ మెనూలో దాగి ఉందో చూపిస్తుంది. కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేవాటిలో ఇదొకటి. ఎక్కువమందికి తెలియదెందుకో!

ఇక ఎదురు ప్రశ్నలు. "ఏదో తేడాగా ఉందండీ" అంటే డాక్టరు దగ్గరికెళ్ళి ఒంట్లో ఎలాగో ఉంది అన్నట్టే, ఏం చెప్పగలం? అడగక తప్పదు. అయితే ఎలా అడుగుతామన్నదాన్ని బట్టే మనిషి ఉంటాడో వెళ్ళిపోతాడో తేలుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఏది, వెర్షన్ ఎంత, ఫైలు ఏ ఫార్మాట్, ఎప్పటినుంచి ఇలా, అంతకుముందు ఏం మార్చారు అని ఒక్కసారే గుప్పిస్తే కొత్తవాడికి అది ఇంటరాగేషన్‌లా ఉంటుంది. సగంమంది తిరిగి రారు. నేను ఒక్కోసారి ఒక్కటే అడుగుతాను, ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను. "హెల్ప్ మెనూలో అబౌట్ లిబ్రేఆఫీస్ తెరిస్తే వెర్షన్ వివరాలు కాపీ చేసే బటన్ ఉంటుంది, నొక్కి ఇక్కడ అతికించండి. వెర్షన్‌ని బట్టి మెనూలు మారతాయి, అందుకని" అంటే మారు మాట లేకుండా అతికిస్తారు. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వచ్చేస్తుంది, అడగాల్సిన ప్రశ్న ఒకటి తగ్గుతుంది.

ఆ వివరాల విలువ ఒకావిడ దగ్గర బాగా తెలిసింది. ఆవిడకి ముగ్గురు నలుగురు ఒకటే చెబుతున్నారు: టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరవండి. ఆవిడ ఒకటే అంటున్నారు: "టూల్స్‌లో ఆప్షన్స్ లేదండీ." సరిగ్గా చూడండి, అన్నిటికంటే కింద ఉంటుంది, చూడటం లేదు మీరు, అంటూ మాటలు కాస్త వేడెక్కాయి కూడా. వెర్షన్ వివరాలు అతికించమంటే సంగతి బయటపడింది, ఆవిడది మ్యాక్. మ్యాక్‌లో ఆ పెట్టె టూల్స్ కింద ఉండదు, లిబ్రేఆఫీస్ అన్న మెనూలోనే ప్రిఫరెన్సెస్‌గా ఉంటుంది. పాపం, ఆవిడ మొదటినుంచీ ఉన్నమాటే చెప్పారు. కొత్తవాళ్ళు "అక్కడ లేదు" అంటే ముందు నమ్మి, ఆ తర్వాత కారణం వెతకడం మేలని నా అభిప్రాయం.

అడిగిన ప్రశ్నకి సరైన జవాబిచ్చినా పని జరగని సందర్భాలు ఉంటాయి. ఒక అమ్మాయి అడిగింది: సెల్‌లో కోలన్‌కి ముందున్న అంకెను ఒకచోటికి, తర్వాత ఉన్నదాన్ని ఇంకోచోటికి విడదీయడం ఎలా? తేలిక ప్రశ్న, వెంటనే ఇద్దరు చెరో ఫార్ములా ఇచ్చారు. అమ్మాయి మళ్ళీ వచ్చింది, రెండో వరుస మొత్తం 60 దాటితే మొదటి వరుసలోకి ఒకటి ఎలా పంపాలని. అప్పుడు అనుమానం వచ్చి అడిగాను: "ఇంతకీ ఇవి గంటలూ నిమిషాలా? చివరికి మీకు కావలసింది ఏంటి?" పనిచేసిన గంటల మొత్తం కావాలట. మొదట మామూలుగానే సమ్ చేసింది, 27 గంటల 30 నిమిషాలు రావాల్సిన చోట 3:30 వచ్చింది. క్యాల్క్‌కి సమయం కూడటం రాదని తేల్చుకుని, విడదీసి తనే కూడుకుందామని బయల్దేరింది.

నిజానికి క్యాల్క్ సరిగ్గానే కూడింది. లోపల ఉన్న విలువ సరైనదే, చూపించడంలోనే తిరకాసు. మామూలు సమయం ఫార్మాట్ గడియారంలా 24 దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. సెల్‌లో విలువ ఎలా కనిపించాలో చెప్పే ఫార్మాట్ కోడ్‌లో గంటల అక్షరాల చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే గంటలు 24 దాటినా అలాగే పెరుగుతూ పోతాయి. రెండు బ్రాకెట్లతో అయిపోయే పనికి ఫార్ములాల మీద ఫార్ములాలు నడిచాయి. ఇలా అసలు సమస్యను వదిలి, తాము అనుకున్న పరిష్కారంలో తగిలిన అడ్డంకి గురించి మాత్రమే అడగడాన్ని ఎక్స్‌వై ప్రాబ్లమ్ అంటారు. ఇది కొత్తవాళ్ళ తెలివితక్కువతనమని నేననుకోను. తనంతట తాను సగం దారి నడిచి వచ్చినవాళ్ళే ఇలా అడుగుతారు. "చివరికి మీకు కావలసింది ఏంటి" అన్న ప్రశ్న ఇప్పుడు నా వేళ్ళకి అలవాటైపోయింది.

ఫోన్‌తో తెరను ఫొటో తీసి పెట్టేవాళ్ళ గురించి చెప్పాలి. అక్షరాలు వంకరగా, సగం మెరుపు పడి ఉంటాయి. దీనికి కోప్పడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కోపంలో న్యాయం లేకపోలేదు, బొమ్మలో ఉన్న ఎర్రర్ సందేశం వెతికితే దొరకదు, రేపు ఇదే సందేశం వచ్చినవాడికి ఈ జవాబు కనిపించదు. నేను చేసేదేంటంటే, ఆ సందేశాన్ని నా జవాబు మొదట్లో అక్షరం పొల్లుపోకుండా టైప్ చేస్తాను. వీలైతే ఈసారి సందేశాన్ని కాపీ చేసి అతికించమంటాను. ఎర్రర్‌ని వెతికే పద్ధతి కూడా చెబుతాను. చాలామంది ఎర్రర్ పెట్టెలో ఉన్నదంతా, తమ ఫోల్డర్ల పేర్లూ ఫైలు పేరుతో సహా, సెర్చ్‌లో పడేస్తారు. ఆ పేర్లు ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండవు కాబట్టి ఏమీ దొరకదు. సొంత పేర్లు తీసేసి, మిగిలిన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఫలితాలు మారిపోతాయి.

పాత జవాబులతో వేరే తంటా. లిబ్రేఆఫీస్ 2010లో ఓపెన్ఆఫీస్ అనే పాత ఆఫీసు సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయింది, ఓపెన్ఆఫీస్ ఆ మరుసటి ఏడాది అపాచీ అనే సంస్థ చేతికి వెళ్ళింది. ఇప్పటికీ వెతికితే ఆ రెంటి జవాబులూ కలగలిసి వస్తాయి. మెనూలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్ళకి తేడా తెలియదు, సగం దాకా చేసి అక్కడ ఆగిపోతారు. దానికి తోడు 2024లో వెర్షన్ అంకెల పద్ధతి మారింది. 7.6 తర్వాత ఏకంగా 24.2 వచ్చింది, సంవత్సరం, నెల అన్న లెక్కలో. "నాది 7.6 అండీ, 24కి రావాలంటే మధ్యలోవన్నీ వేసుకోవాలా?" అని అడిగినవాళ్ళున్నారు. అక్కర్లేదు, మధ్యలో ఏమీ లేవు. జవాబు చదివే ముందు దాని తేదీ, అది ఏ సాఫ్ట్‌వేర్ గురించో చూసుకోమని ప్రతివాళ్ళకీ చెప్పాల్సి వస్తోంది.

ఇంకోటి, "ప్రొఫైల్ రీసెట్ చేయండి" అన్న సలహా. ప్రొఫైల్ అంటే మన సెట్టింగులన్నీ ఉండే ఫోల్డర్. మెనూలు మాయమైనా, తెరవగానే మూసుకుపోయినా అందరూ ఇదే మంత్రం చదువుతారు. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ రీసెట్ చేస్తే ఇన్నాళ్ళూ మార్చుకున్న సెట్టింగులు పోతాయని చెప్పరు. నేను ముందు హెల్ప్ మెనూలో రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్ ఎంచుకుని, అలాగే కొనసాగించి చూడమంటాను. అది తాత్కాలికంగా కొత్త ప్రొఫైల్‌తో తెరుస్తుంది, ఏదీ చెరపదు. అక్కడ బాగా నడిస్తే తప్పు ప్రొఫైల్‌లోనే ఉందని తెలుస్తుంది, తర్వాతి సంగతి తర్వాత. వెనక్కి తీసుకోలేని పనిని కొత్తవాళ్ళ చేత చేయించేటప్పుడు ముందు కాపీ పెట్టుకోమనడం మన బాధ్యత. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో టైప్ చేసే కమాండ్ల విషయంలో ఇది ఇంకా గట్టిగా పాటించాలి, అక్కడ ఒక్క లైనుతో డిస్కంతా తుడిచిపెట్టుకుపోగలదు.

ఫైలు పెట్టండి అనడంలో కూడా జాగ్రత్త ఉంది. ఒకసారి ఒకాయన తన ఉద్యోగుల జీతాల పట్టికను పేర్లతో, ఫోన్ నంబర్లతో సహా పెట్టేశారు. వెంటనే తీసేయించాం. ఇప్పుడు "పది వరుసలతో చిన్న కాపీ చేసి, పేర్లూ అంకెలూ ఉత్తుత్తివి పెట్టి, తప్పు అందులోనూ వస్తుందో లేదో చూసి పంపండి" అంటాను. దీనివల్ల అనుకోని లాభం ఇంకొకటి ఉంది. ఆ చిన్న కాపీ తయారుచేస్తూ ఉండగానే కొందరికి తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది.

పాతవాళ్ళ విసుగు గురించి రెండు మాటలు. ఇది ఇప్పటిది కాదు. వెబ్ రాకముందు, యూజ్‌నెట్ అనే చర్చా వేదికలు ఉన్న రోజుల్లో ఏటా సెప్టెంబరులో యూనివర్సిటీల్లో చేరిన కొత్త విద్యార్థులు ఒక్కసారిగా వచ్చిపడేవారు, నెల తిరిగేసరికి పద్ధతులు నేర్చుకునేవారు. 1993 తర్వాత ఇళ్ళకు నెట్ ఇచ్చే సంస్థల ద్వారా జనం ఏడాది పొడుగునా రావడం మొదలైంది. ఆ సెప్టెంబరు ఇంకా ముగియలేదని పాతకాపులు వాపోయేవారు. వాళ్ళ బాధ నాకు తెలుసు, అదే ప్రశ్నను మళ్ళీమళ్ళీ చూస్తే నాకూ చిరాకేస్తుంది. చిరాకేసిన రోజు నేను జవాబు రాయను. ఎవరో ఒకరు రాస్తారు, రాయకపోయినా రేపు నేనే రాస్తాను. చేదు మాటతో కూడిన సరైన జవాబు కంటే ఒక రోజు ఆలస్యం నయం.

ఈమధ్య వచ్చే ప్రశ్నల తీరు మారింది. చాట్‌బాట్ చెప్పిన మెట్లు పట్టుకుని వస్తున్నారు. అందులో ఒకటి ఎక్సెల్ మెనూ, ఒకటి ఎప్పటిదో పాత వెర్షన్ మాట, ఇంకొకటి అసలెక్కడా లేనిది. చూడటానికి మాత్రం ఎంతో నమ్మకంగా ఉంటుంది. 2022 డిసెంబరులోనే ప్రోగ్రామర్ల ప్రశ్నలూ జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో, చాట్‌బాట్ రాసిన జవాబులు పెట్టడాన్ని నిషేధించింది, చూడటానికి సరిగ్గా ఉండి లోపల తప్పులుండటమే కారణమని చెప్పింది. జవాబులిచ్చేవాళ్ళకి ఆ నియమం సరే, అడిగేవాళ్ళని చాట్‌బాట్ వాడొద్దని నేననను. నా సలహా వేరు: పనెలా చేయాలో దాన్ని అడగకండి, మీకు కావలసినదాన్ని మీ మాటల్లో చెప్పి "క్యాల్క్‌లో దీన్ని ఏమంటారు" అని మాత్రం అడగండి. ఆ పేరు తీసుకుని ఎఫ్1 నొక్కితే వచ్చే సహాయంలో సరిచూసుకోండి. నా ఫైలు చేసే పనే అది చేస్తుంది, మొహమాటం లేకుండా అర్ధరాత్రయినా అడగొచ్చు.

పని అయిపోయాక "థాంక్స్, సరిపోయింది" అని వెళ్ళిపోయేవాళ్ళని వెనక్కి పిలుస్తాను. ఏది సరిపోయిందో చెప్పకపోతే ఆ పేజీ తర్వాత వచ్చేవాడికి ఎందుకూ పనికిరాదు. శీర్షిక కూడా మార్పిస్తాను. "అర్జెంట్ హెల్ప్" ఇప్పుడు "అంకెలు టెక్స్ట్‌గా ఉండటంతో సమ్ సున్నా చూపిస్తోంది" అని ఉంది. ఈ పనికి పేరేమీ రాదు కానీ, జవాబు రాయడం కంటే దీనివల్లే ఎక్కువమందికి దారి దొరుకుతుందని నా నమ్మకం.

వెతికినా దొరకని జవాబులు కూడా ఉంటాయి, ఎందుకంటే అవి ఇంకా ఎవరూ రాయలేదు. ఒకావిడ డాక్యుమెంట్‌లో పట్టిక ఒకటి పేజీ మారేచోట వింతగా విరిగిపోయేది. సేఫ్ మోడ్‌లోనూ అంతే, నా కంప్యూటర్లోనూ అంతే. అంటే అది బగ్, సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న లోపం. ఇలాంటి లోపాలు రాసిపెట్టే బగ్జిల్లా సైటులో నమోదు చేయమంటే "అది డెవలపర్లు రాసేది కదండీ, నాకేం తెలుసు" అని భయపడ్డారు. మీరు ఇక్కడ చెప్పినవే అక్కడా రాయండి, ఏం చేస్తే వస్తుందో వరుసగా, ఏం రావాలనుకున్నారో, ఏం వచ్చిందో, అన్నాను. ఆవిడే రాశారు, నేను నమూనా ఫైలు చిన్నది చేయడంలో సాయపడ్డాను అంతే. ఆ బగ్ ఇంకా ఎవరూ సరిచేయక అలాగే తెరిచి ఉంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆవిడ దాన్ని వేసుకుని పరీక్షించి, ఇందులోనూ వస్తోందని కింద ఒక లైను రాస్తుంటారు.